రాక్షసబల్లీ, మా చిన్నాయనా

రాక్షసబల్లి అనే మాటను తెలుగులోకి తెచ్చిన మహానుభావుడెవరైనా సరే, ఆయన బల్లికీ అన్యాయం చేశాడు, రాక్షసులకూ అన్యాయం చేశాడు. పూర్తిగా ఆయన తప్పనడానికీ లేదు. 1842లో రిచర్డ్ ఓవెన్ అనే ఆంగ్ల పండితుడు రెండు గ్రీకు మాటలు అతికించి 'డైనోసార్' అన్నాడు. భయంకరమైన బల్లి అని దాని భావం. మనవాళ్ళు భయంకరాన్ని తీసేసి రాక్షసాన్ని పెట్టారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక సమాసం మీద నాకేమీ పేచీ లేదు. పేచీ అంతా బల్లి మీదనే.

బల్లిని చూడండి. కాళ్ళు పక్కలకు చాపుకుని, పొట్ట గోడకు ఆనించి పాకుతుంది. ఈ జంతువులు అలా పాకేవి కావు. కాళ్ళు ఒంటి కింద స్తంభాల్లా నిలబెట్టుకుని నడిచేవి. అందులోనూ మాంసం తినే జాతివి వెనక కాళ్ళ మీదనే, అచ్చం మన పెరటి కోడిలాగా నడిచేవి. కోడిలాగా ఏమిటి, ఆ వంశంలో మిగిలినవే నేటి పక్షులంటున్నారు శాస్త్రజ్ఞులు. 2012లో చైనాలో యూటిరానస్ అనే ఒక దానిని వర్ణించారు. ముప్పై అడుగుల పొడవు, ఒంటినిండా ఈకలు! మా ఇంట్లో ఒక నాటుకోడి ఉంది. అది తల పక్కకు వంచి, ఒంటికంటితో చీమను చూసే చూపు గమనించిన తరువాత నాకు ఈకల సంగతిలో సందేహం పోయింది. ఆ కోడి మూరెడు ఎత్తుండబట్టి మనం బతికిపోయాం గాని, రెండు నిలువుల ఎత్తుండి ఉంటే గింజలు చల్లడానికి ఎవరు వెళ్ళేవారు?

ఇంతకూ నన్నయనో తిక్కననో చెప్పుకోక నీకీ గొడవ ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. నిజమే. మా చిన్నాయన సీతాఫలాల బుట్టతో మా ఇంటికి రాకపోయి ఉంటే నాకూ ఎందుకూ ఉండేది కాదు.

మా ఊరు పాత మహబూబ్‌నగర్ జిల్లా, పాత నల్లగొండ జిల్లా భుజాలు రాసుకునే చోట ఉంది. ఊరి పేరు చెప్పను. అర్జీ ఇంకా ఆఫీసులో ఉంది. చిన్నాయనకు 78 ఏళ్ళు. ఆరెకరాల చెలక, నాలుగు పాడి పశువులు, ఊరి పడమట ఒక గుట్ట. గుట్ట ఆయన సొంతం కాదు గాని, ఆయన మాట్లాడే తీరు చూస్తే పట్టా ఆయన పేరనే ఉందనుకుంటారు. దాని మీద మైసమ్మ గుడి, దాని కింద కుంట, ఆ కుంట కింద ఊరి బావులు. ఆ గుట్టను రాయి కోసం లీజుకు ఇవ్వబోతున్నారని కబురు. పక్క ఊళ్ళో ఒక గుట్ట అలాగే పోయింది. మందు పేలినప్పుడల్లా ఇళ్ళ గోడలు బీటలు వారాయి. పైన గుట్ట లేక వాన నీళ్ళు ఎటు పోవాలో తెలియక కుంట ఎండిపోయింది. చిన్నాయన కళ్ళారా చూసి వచ్చాడు.

"పెద్ద సదువు సదివినవ్ గద కొడుకా, నాకొక కాయితం రాసియ్యి" అన్నాడు బుట్ట దించుతూనే.

"ఏం కాయితం చిన్నాయనా?"

"మన గుట్టల రాకాసిబల్లుల బొక్కలున్నయని రాయి. బొక్కలున్న జాగల మిషన్లు పెట్టనియ్యరట."

"ఎవరు చెప్పిండ్రు?"

"టీవీల చూసిన. గోదావరి దిక్కు దొరికినయట. ఆడ దొరికినయి ఈడ దొరకయా? అంతా తెలంగాణనే గద!"

ఇక్కడ కోస్తా పాఠకులకు ఒక మాట. మాకు బొక్క అంటే ఎముక. మీకు బొక్క అంటే కన్నం. మా చిన్నాయన కోరినది మొదటిది. నేను రాసి ఇస్తే అర్జీలో మిగిలేది రెండోది.

ఆయన్ను చిన్నబుచ్చడం నాకు ఇష్టం లేదు. నన్ను కాలేజీలో చేర్చిన రోజున ఫీజు కట్టింది ఆయనే. దున్నపోతును అమ్మి కట్టాడు. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు, ఆ రోజూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

సరే, మా గుట్టల్లో ఎముకలు ఎందుకుండవో ఆయనకు చెప్పాలి. భువనగిరి నుంచి దేవరకొండ దాకా, అచ్చంపేట మొదలు మహబూబ్‌నగర్ దాకా మనం చూసే ఈ బోడిగుండ్లు, బండలు గ్రానైటు జాతివి. భూగర్భంలో కరిగి ఉడికిన పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టిపడితే వచ్చినవి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఎముక రాయిగా మారి నిలవాలంటే చచ్చిన జంతువు మీద ఏటి ఒండ్రో, ఇసుకో వెంటనే పేరుకోవాలి. ఆ ఒండ్రు పొరలు పొరలుగా గట్టిపడి రాయి కావాలి. మాది ఒండ్రు రాయి కాదు, పాకం రాయి. పైగా ఆ పాకం చల్లారేనాటికి లోకంలో ఎముక గల ప్రాణి ఒక్కటీ పుట్టలేదు.

కోట్లు అంటే ఆయనకు ఎన్నికలు గుర్తుకు వస్తాయి గనుక లెక్క మార్చాను. "మన గుట్టకు నూరేండ్లనుకో చిన్నాయనా. గోదావరి దిక్కు దొరికిన బల్లులు ఏడేండ్ల కింద తిరిగినయి. వికారాబాద్ దిక్కు నల్లరాయి పరిచిన అగ్గి, అది వచ్చి రెండున్నరేండ్లు దాటింది. మనిషి పుట్టి నాలుగు రోజులైంది."

ఆయన చాలాసేపు ఆలోచించి, "అయితె మనం నిన్న మొన్నటోళ్ళం" అన్నాడు. తరువాత, "గుట్ట ముసలిది. ముసలిదాన్ని పలగ్గొడుతరా?" అన్నాడు. అర్జీలో రాయదగ్గ వాక్యమే గాని, ఏ శాఖకు రాయాలో నాకు తట్టలేదు.

హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి ఉంది గదా, అమ్రాబాద్ వైపు నల్లమల రాళ్ళున్నాయి గదా అని మా కాలేజీలో ఒకరన్నారు. అవి పొరలు పేర్చుకున్న రాళ్ళే, సందేహం లేదు. కాని అవి కూడా జంతువులు ఎముకలు తొడగకముందటివి. వాటితో సిమెంటు వస్తుంది, బల్లి రాదు.

ఆ నెలలోనే కంటి పరీక్షకు చిన్నాయనను హైదరాబాదు తీసుకుపోవలసి వచ్చింది. వస్తూ వస్తూ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలోకి తీసుకుపోయాను. అక్కడ కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. గోదావరి లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. డజను జంతువుల ఎముకలు కలగలిసి దొరికితే, భారత భూగర్భ సర్వేక్షణ శాఖవారు ఏరి కూర్చారు. 1988లో యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు దానికి ఊరి పేరు కలిపి నామకరణం చేశాడు. యాదగిరి! మా నల్లగొండలో ఇంటికొక యాదగిరి ఉంటాడు, గుట్ట మీది నరసింహస్వామి పుణ్యమా అని. ఒక రాక్షసబల్లి పేరు వెనక ఆ పేరు కనబడేసరికి నాకు చుట్టాన్ని చూసినట్టయింది.

చిన్నాయన ఆ పంజరం కింద నిలబడి తల ఎత్తి చూశాడు. తలపాగా జారింది. "ఇది ఏం తింటదిరా?"

"ఆకు, అలం."

"ఇంత పెయ్యికి ఎంత మేత కావాలె!" పశువుల మనిషికి మొదట రావలసిన సందేహమే వచ్చింది. రెండోది కూడా అలాగే వచ్చింది. "మరి దీన్ని తినేటిది ఏది? మ్యాకలుంటె తోడేలుండాలె గద."

ఎమ్మే చదివిన నేను ఎన్నడూ వేసుకోని ప్రశ్న అది. ఇంటికి వచ్చి పుస్తకాలు వెతికాను. జవాబు దొరికింది. కాని ఆ జవాబు ఒక్క ఎముక మీద నిలబడి ఉంది.

ప్రాణహిత, గోదావరి కలిసే సీమలో కోట అనే ఊరి పేరు మీదుగా పిలిచే రాతిపొరలున్నాయి. సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటివి. కోటాసారస్ వాటిలోదే. సిరొంచ దగ్గర పోచంపల్లిలో అంతకంటె పెద్ద శాకాహారి ఒకటి, ఆ పొరల్లోనే, 1958 నుంచి 1961 దాకా కలకత్తా గణాంక సంస్థవారు తవ్వినప్పుడు బయటపడింది. ఆ తవ్వకాల కాలంలోనే రవీంద్రుని శతజయంతి వచ్చింది. 1975లో పేరు పెట్టేటప్పుడు వారు దానిని మరువక బరపాసారస్ టాగోరి అన్నారు. బెంగాలీలో 'బరపా' అంటే పెద్ద కాలు. పెద్ద కాళ్ళ జంతువుకు మహాకవి పేరు తగిలించడం ఎంతవరకు మర్యాద అని నాకు ఇప్పటికీ అనుమానమే. మన పోతన పేరు ఇలా ఎవరైనా పెడితే నేను అర్జీ పెడతాను.

ఇక ఈ మంద వెనక తిరిగిన తోడేలు సంగతి. 1982లో ఆ యాదగిరిగారే కోట పొరల నుంచి ఒక పెద్ద మాంసాహారిని వర్ణించి, దండకోసారస్ ఇండికస్ అన్నారు. పేరు వింటేనే దండకారణ్యం కళ్ళకు కడుతుంది. రాముడు రాకముందు అక్కడ ఎవరు తిరిగారో చెప్పినట్టే ఉంది. అయితే ఆ పేరుకు ముఖ్యమైన ఆధారం తుంటి భాగంలో ఒక ఎముక ముక్క. అంతే. పుర్రె లేదు, దవడ లేదు. తరువాతి పండితులు దాన్ని చూసి, ఇది మాంసాహారిదే, నిజమే. కాని దీన్నిబట్టి ఇది ఫలానా జాతి అని తక్కిన వాటినుంచి వేరు చేసి చెప్పలేము, కనుక ఈ పేరు సందేహనామం అని పక్కన పెట్టారు.

నాకు ఇందులో కొత్త ఏమీ కనబడలేదు. మా తెలుగులో ఇలాంటివి బోలెడు. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమనే సంకలనం కూర్చాడు. ఎందరో కవుల పద్యాలు ఏరి పెట్టాడు. అందులో కొందరి కావ్యాలు తరువాత మాయమైపోయాయి. ఒకటో రెండో పద్యాలు మిగిలాయి. ఆ పద్యం పట్టుకుని మేము కవి ఉన్నాడంటాం, కావ్యం ఉందంటాం. కావ్యం ఎన్ని ఆశ్వాసాలో, నాయిక ఎవరో మాత్రం చెప్పం. చెప్పేవాళ్ళూ ఉన్నారనుకోండి. వారిని పండితులు అనకుండా ఉండడం కష్టం, నమ్మడం ఇంకా కష్టం. తుంటి ఎముక కూడా అలాంటి ఒంటి పద్యమే. దండకలో ఒక పెద్ద మాంసాహారి తిరిగింది. ఇంతవరకు ఖాయం. దాని కోర ఎంత, కొమ్ము ఉందా, ఈక ఉందా అంటే, పద్యం అంతటితో ఆగిపోయింది.

ఒంటి పద్యం దొరకడమే కాదు, దొరికింది నిలవడం కూడా కష్టమే. థగ్గులను అణచిన స్లీమన్ దొర ఉన్నాడు గదా, ఆయనే 1828లో జబల్‌పూర్‌లో కొన్ని ఎముకలు ఏరాడు. ఆసియా ఖండం మొత్తానికి మొదట దొరికిన డైనోసార్ ఎముకలు అవేనంటారు. అవి ఒక శాకాహారివి. చేతులు మారి, బీరువాలు మారి, ఒక దశలో కనబడకుండానే పోయాయి. 2012లో కలకత్తాలో, భూగర్భ శాఖవారి సొంత గదుల్లోనే, మళ్ళీ దొరికాయి! ఆ జబల్‌పూర్‌లోనే మాట్లీ అనే ఆయన తవ్వగా వచ్చిన మాంసాహారుల ఎముకలకు 1933లో ఇండోసారస్, ఇండోసూకస్ అని పేర్లు పెట్టారు. ఇండోసారస్ పుర్రె భాగం ఇప్పుడు జాడ లేదు. భూమి ఆరు కోట్ల ఏళ్ళకు పైగా భద్రంగా దాచిన దాన్ని మనం వందేళ్ళు దాచలేకపోయాం. తాళపత్రాలను చెదలకు అప్పగించిన జాతికి ఇది ఆశ్చర్యం కాదులెండి.

మంచి కథ కూడా ఒకటుంది. గుజరాత్‌లో రహియోలి దగ్గర 1980ల మొదట్లో తవ్విన ఎముకలను కూర్చి, 2003లో రాజాసారస్ నర్మదెన్సిస్ అని ప్రకటించారు. నుదుట చిన్న కొమ్ము, పొట్టి చేతులు, బలమైన కాళ్ళు. మొదట ముప్పై అడుగులన్నారు. తరువాత కొందరు లెక్కవేసి ఇరవై చిల్లరకు దించారు. రాజులకు ఇది మామూలే.

కాని ఆసియాలో పెద్ద మాంసాహారుల పుట్టిల్లు మంగోలియా. అక్కడి గోబీ ఎడారిలో 1946 నుంచి రష్యనులు తవ్వితే వచ్చింది టార్బోసారస్ బాతార్. 1955లో పేరు పెట్టారు. ముప్పై అడుగుల పైమాటే. ఒకటీ రెండూ కాదు, పదులకొద్దీ పంజరాలు దొరికాయి. 'బాతార్' అంటే మంగోల్ భాషలో వీరుడు. ఆ మాటకే అన్నదమ్ముడు మన బహద్దూర్. అంటే నిజాం నవాబుల బిరుదునే ఆ బల్లి కూడా ధరించిందన్నమాట. ఈ బహద్దూర్ పంజరం ఒకటి దొంగదారిన అమెరికా చేరి, 2012లో న్యూయార్క్ వేలంలో పది లక్షల డాలర్లకు పైగా పలికింది. మంగోలియా ప్రభుత్వం, అది మా దేశపు సొత్తు అని పట్టుబట్టింది. అమెరికా కోర్టులో వ్యవహారం నడిచింది. మరుసటి ఏడు ఎముకలు ఇంటికి వచ్చాయి. చిన్నాయనకు ఈ కథ చాలా నచ్చింది. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"గట్ల అడిగేటోళ్ళుండాలె" అన్నాడు.

ఆయన మనసు ఇంకా గుట్ట మీదే ఉందని నాకు తెలుసు. "పడమటి దిక్కన్న చూస్తివా?" అని అడిగాడు. చూశాను. వికారాబాద్ వైపు లావా పారి పరుచుకున్న నల్లరాళ్ళున్నాయి. ఆ లావా పొరకూ పొరకూ మధ్య చెరువుల ఒండ్రు చిక్కుకుని ఉంది. అందులో నస్కల్ దగ్గర ప్రసాద్, సాహ్నీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1988లో ఒక పేరుమోసిన సంగతి బయటపెట్టారు. రాక్షసబల్లుల కాలం చివరలో మన దేశంలో బతికిన పాలిచ్చే జంతువు పళ్ళు. ఎలుకంత జంతువు. పన్ను ఆవగింజంత. డెక్కనొలెస్టిస్ అని పేరు. మా ప్రాంతానికి దగ్గరలో దొరికిన ఆ కాలపు మహామృగం ఇదీ!

చిన్నాయన నవ్వలేదు. "ఎలుక పన్నుకు మిషన్ ఆగదు" అన్నాడు.

మరుసటి ఆదివారం నేను, మా అమ్మాయి ఊరికి పోయాం. గుట్ట వెనక సీతాఫలం పొదల్లో రాకాసిగుళ్ళున్నాయి. చిన్నప్పుడు మేకలతో తిరిగిన రోజుల్లో మేము వాటి నీడన కూర్చునేవాళ్ళం. నాలుగు పక్కలా బండపలకలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ కప్పిన గదులు. చుట్టూ గుండ్రంగా పేర్చిన రాళ్ళు. ఇంత బండ ఎత్తినవాళ్ళు రాకాసులు కాక ఎవరని పేరు అలా వచ్చింది. నిజానికి అవి రెండున్నర, మూడు వేల ఏళ్ళ నాడు ఇనుము కరిగించిన మనుషుల సమాధులు. మా రెండు జిల్లాల్లోనూ ఇవి విరివిగా ఉన్నాయి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కాయి. చిన్నాయన నూరేళ్ళ లెక్కలో చూస్తే ఈ సమాధులు కట్టి గంట అయింది.

మేము ముగ్గురం లెక్కపెట్టాం. పదకొండు రాతి చుట్లు. రెండు గదులకు పైబండ జారిపోయి ఉంది. వాన కొట్టిన చోట లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండపెంకులు తేలాయి. మా అమ్మాయి ఒకటి తీయబోతే, "ముట్టకు బిడ్డా, అట్లనే ఉండనియ్యి. వచ్చేటోళ్ళు చూడాలె" అన్నాడు చిన్నాయన. ఫోటోలు మాత్రం తీసుకున్నాం. ఒక్కొక్క చుట్టూ ఎన్ని అడుగులో తాడుతో కొలిచాం. తాడు పట్టుకున్నది ఆయనే.

అర్జీ ఆ రాత్రి వాళ్ళ ఇంట్లోనే కూర్చుని రాశాను. పురావస్తు శాఖకు ఒకటి, కలెక్టరు గారికి ఒకటి. చుట్లు పదకొండు, గదులు రెండు, పెంకులు, కుంట, బావులు, గుడి. చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు. చదివి వినిపించాను. ఊరివాళ్ళు నలభై మంది సంతకాలో వేలిముద్రలో వేశారు. చిన్నాయన అద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుంటూ తానుగా మళ్ళీ చదివాడు. అంతా అయ్యాక నా వైపు చూశాడు.

"బొక్కలున్నయని రాయలే గద."

"రాయలేదు చిన్నాయనా."

"లేవని గూడ రాయలే గద?"

"రాయలేదు."

"మంచిగున్నది" అని సంతకం పెట్టాడు.